చేప పీల్చేది ఏ ఆక్సిజన్?

నీటి ఫార్ములా అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలందరూ ఒక్క గొంతుతో హెచ్‌టూఓ అంటారు. మరి చేప నీళ్లలో ఊపిరి ఎలా పీలుస్తుందని అడగండి. చాలామంది ఠకీమని చెప్పే జవాబు ఇది: "హెచ్‌టూఓలో ఆక్సిజన్ ఉంది కదా సార్, దాన్నే తీసుకుంటుంది." వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ తప్పు. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో సైన్సు చదువుకుంటున్నారు. ఫార్ములా నోటికొస్తుంది, దాని వెనకున్న సంగతి మాత్రం భాషల సందులో జారిపోతుంది. అందుకే మన కొండల్లో, చెరువుల్లో, బోరింగుల దగ్గర కనబడే వాటితోనే గాలి, నీరు రెండిటి కెమిస్ట్రీ విడమరిచి చెబుతాను. పుస్తకంలో గాలి ఒక పాఠం, నీరు ఇంకో పాఠం. బయట అవి విడివిడిగా దొరకవు. నీళ్లలో గాలి ఉంటుంది, గాలిలో నీళ్లుంటాయి. మన కళ్ల ముందు జరిగే రసాయన చర్యల్లో చాలావరకు ఆ రెండూ కలిసే చోటే జరుగుతాయి.

ముందు చేప సంగతి తేల్చుకుందాం. లీటరు నీళ్లు కిలో బరువు తూగుతాయి. అందులో ఆక్సిజన్ దాదాపు 889 గ్రాములు, మిగతా 111 గ్రాములు హైడ్రోజన్. ఇంత ఉన్నా చేపకు అందులోంచి ఒక్క మిల్లీగ్రాము కూడా అందదు. ఆ ఆక్సిజన్ పరమాణువులు హైడ్రోజన్‌తో బంధం కట్టుకుని, గుణం మార్చుకుని, వేరే పదార్థమైపోయాయి. ఆ బంధం తెంచాలంటే కరెంటు పంపాలి, లేదా రెండు వేల డిగ్రీలు దాటిన వేడి కావాలి. చేప మొప్పలకు ఆ పని చేతకాదు. చేపకు అందేది గాలిలోంచి వచ్చి నీళ్లలో విడిగా కరిగి ఉన్న ఆక్సిజన్. 30 డిగ్రీల నీళ్లలో అది లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు కరుగుతుంది, అంతే. మనం పీల్చే గాలిలో అయితే లీటరుకు 270 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే మనకన్నా చేప ముప్పై అయిదు రెట్లు బీద వాతావరణంలో బతుకుతోంది. బాగా మరిగించి, మూత పెట్టి చల్లార్చిన నీళ్లలో చేపను వేస్తే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. హెచ్‌టూఓలో ఆక్సిజన్ ఎక్కడికీ పోలేదు. పోయింది కరిగిన గాలి.

సంయోగ పదార్థానికి, మిశ్రమానికి తేడా ఏమిటని పరీక్షలో అడిగే ప్రశ్న ఇదే. నీరు సంయోగ పదార్థం. ఎక్కడ తీసుకున్నా బరువులో ఒక వంతు హైడ్రోజన్‌కు ఎనిమిది వంతులు ఆక్సిజన్, ఆ లెక్క మారదు. గాలి మిశ్రమం. అందులోని వాయువులు పక్కపక్కనే తిరుగుతుంటాయి, దేని గుణం దానిదే.

ఇక్కడే పిల్లలు ఇంకో చిక్కులో పడతారు. నీటిలో కరెంటు పంపితే హైడ్రోజన్ రెండు వంతులు, ఆక్సిజన్ ఒక వంతు వస్తాయని ఒక పేజీలో, ఒకటికి ఎనిమిది అని ఇంకో పేజీలో ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది పరిమాణం లెక్క, రెండోది బరువు లెక్క. నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువులు రెండు, ఆక్సిజన్ పరమాణువు ఒకటి. ఒక్కో ఆక్సిజన్ పరమాణువు ఒక్కో హైడ్రోజన్ పరమాణువుకు పదహారు రెట్లు బరువు. కాబట్టి రెండుకు పదహారు, అంటే ఒకటికి ఎనిమిది. ఇంట్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీతో, రెండు పెన్సిల్ ముల్లులతో ఈ ప్రయోగం చేసి చూడొచ్చు. నీళ్లలో కరెంటు బాగా పారడానికి చిటికెడు వంటసోడా వేయండి. ఉప్పు మాత్రం వేయొద్దు. ఉప్పు వేస్తే ఆక్సిజన్ రావాల్సిన చోట క్లోరిన్ వస్తుంది, అది విషవాయువు.

నీరు మూలకం కాదని లోకానికి తెలిసి పెద్దగా కాలం కాలేదు. 1780ల్లో ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ హైడ్రోజన్‌ను మండిస్తే నీటిచుక్కలు ఏర్పడ్డాయని చూపించాడు. ఫ్రాన్సులో లావోయిజే దాన్ని సరిగ్గా అర్థం చేసుకుని, నీరు రెండు మూలకాల కలయిక అని 1783లో ప్రకటించాడు. కావెండిష్ 1785లో గాలి మీద చేసిన ప్రయోగం నాకు ఇంకా ఇష్టం. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అంతా తీసేశాక కూడా ఒక చిన్న బుడగ మిగిలిపోయింది, మొత్తంలో నూట ఇరవయ్యో వంతు కూడా లేనిది. అదేమిటో ఆయనకు అంతుపట్టలేదు, కానీ దాచకుండా రాసిపెట్టాడు. నూరేళ్లు దాటాక, 1894లో, రేలీ, రామ్సే అనే శాస్త్రవేత్తలు ఆ మిగులు ఆర్గాన్ అని తేల్చారు.

ఇప్పుడు మనకు తెలిసిన లెక్క ఇది. తేమ లేని గాలిలో నైట్రోజన్ 78 శాతం, ఆక్సిజన్ 21 శాతం, ఆర్గాన్ 0.93 శాతం. కార్బన్ డై ఆక్సైడ్ అంతా కలిపి 0.04 శాతం పైచిలుకు. ఈ చివరి అంకెను పిల్లలు పట్టించుకోరు, మార్కులకు పనికొచ్చేవి పై రెండూ కదా. కానీ ఈ వ్యాసంలో సగం పని చేసేది ఆ 0.04 శాతమే.

కొండ మీదికి వెళ్తే ఆక్సిజన్ శాతం తగ్గుతుందనేది ఇంకో అపోహ. శాతం తగ్గదు, గాలే పలచబడుతుంది. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి విశాఖపట్నంలో ఉన్నదానికి పదింట తొమ్మిది వంతులే. పైనుంచి నొక్కే గాలి తగ్గితే నీరు తొందరగా మరుగుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి కోరాపుట్‌లో నీళ్లు 97 డిగ్రీలకే తెర్లుతాయి. విశాఖ నుంచి బదిలీ మీద వచ్చిన వాళ్లు ఇక్కడ కందిపప్పు ఉడకట్లేదని గొణగడం వింటుంటాం. గిన్నెలో ఎంత మంట పెట్టినా ఆ 97 దాటదు, మంట ఎక్కువైతే నీళ్లు ఇగిరిపోతాయి, అంతే. కుక్కర్ మూత బిగిస్తే లోపల ఒత్తిడి పెరిగి వేడి 120 డిగ్రీల దాకా పోతుంది, ఊరు ఏ ఎత్తున ఉన్నా పప్పు ఉడుకుతుంది.

నీళ్లు కాగేటప్పుడు గిన్నె అడుగున ముందుగా సన్నటి బుడగలు అంటుకుంటాయి, చూశారా? ఇంకా మరగకుండానే వస్తాయి. అవి కరిగి ఉన్న గాలి. తర్వాత వచ్చే పెద్ద బుడగలు ఆవిరి, అంటే వాయురూపంలో ఉన్న నీరే. వాటిలో హైడ్రోజన్ ఉందనుకునే పిల్లలు తక్కువేం లేరు. ఆవిరి కంటికి కనబడదు. కేటిల్ మూతి దగ్గర కొంచెం ఖాళీగా కనిపించే చోట ఉన్నది ఆవిరి, దాని పైన తెల్లగా పొగలా కనిపించేది చల్లబడిన నీటి తుంపర. చలికాలం సెమిలిగుడ దగ్గర పొద్దున్నే రోడ్డును మూసేసే పొగమంచు కూడా ఆ తుంపరే.

నీటిలో వాయువు ఎంత కరుగుతుందనేది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: నీటి వేడి, పైనున్న ఒత్తిడి, ఆ వాయువు స్వభావం. ఒత్తిడి సంగతి గోలీసోడా చెబుతుంది. గోలీని లోపలికి నొక్కగానే ఒత్తిడి పోయి, అంతదాకా కరిగి ఉన్న గ్యాస్ బుసబుసమని పైకి వస్తుంది. వేడి సంగతి చెరువు చెబుతుంది. సున్నా డిగ్రీల నీటిలో ఆక్సిజన్ లీటరుకు 14.6 మిల్లీగ్రాములు కరిగితే, 30 డిగ్రీలకు అది సగానికి పడిపోతుంది. ఎండాకాలం తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే పెద్దవాళ్లు నీళ్లు పాడయ్యాయంటారు. పగలు నాచు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, కానీ నాచు, చేపలు, అడుగున కుళ్లే చెత్త అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి ముందు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. బొచ్చె, శీలావతి లాంటి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాముల పైన ఉంటే హాయి, రెండు మూడుకు పడితే ప్రాణం మీదికొస్తుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత ఇంకా ప్రమాదం, పగలు కూడా నాచుకు ఎండ దొరకలేదు కాబట్టి. మోటారు పెట్టి చెరువు నీటినే పైకి చిమ్మించడం మంచి ఉపాయం. చిమ్మిన ప్రతి చుక్కా గాలిని తాకి ఆక్సిజన్ కరిగించుకుని వస్తుంది.

ఇక వాయువు స్వభావం. ఒకే ఒత్తిడి దగ్గర, బరువు లెక్కన, కార్బన్ డై ఆక్సైడ్ ఆక్సిజన్ కన్నా దాదాపు 40 రెట్లు ఎక్కువగా నీటిలో కరుగుతుంది. అందులో కొంత నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. బలహీనమైన ఆమ్లం, సోడా తాగితే నాలుక మీద చురుక్కుమనిపించేది అదే. ఆమ్లమెంతో చెప్పే కొలత పీహెచ్: 7 అంటే పులుపు లేనట్టు, అంతకన్నా తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. వాన నీరు శుద్ధమైనది కాబట్టి పీహెచ్ 7 ఉంటుందని పిల్లలు రాస్తారు. ఫ్యాక్టరీ పొగ అంటని అడవిలో కురిసినా వాన పీహెచ్ సుమారు 5.6. దారిలో కార్బన్ డై ఆక్సైడ్‌ను కరిగించుకుని వస్తుంది మరి.

ఈ కొద్దిపాటి పులుపు ఏం చేయగలదో చూడాలంటే గుప్తేశ్వరం వెళ్లాలి. జయపురం నుంచి రామగిరి మీదుగా, కొలాబ్ నది ఒడ్డున, అడవిలో ఉన్న సున్నపురాయి గుహ అది. ఆ కొలాబే కిందికి పోయి శబరి అని పేరు మార్చుకుని గోదావరిలో కలుస్తుంది. అటువైపు అరకు దగ్గర బొర్రా గుహలూ ఈ కోవవే. విశాఖ నుంచి కోరాపుట్, జయపురం మీదుగా కిరండూల్ పోయే రైలు బొర్రా స్టేషన్ దాటే వస్తుంది కాబట్టి మన పిల్లల్లో చాలామంది చూసే ఉంటారు. వాన నీరు మట్టిలోకి ఇంకేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డై ఆక్సైడ్ అందులో ఇంకా కలుస్తుంది. మట్టి సందుల్లో అది బయటి గాలిలో కన్నా పదుల రెట్లు ఎక్కువ. పులుపెక్కిన ఆ నీరు సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేట్‌ను తాకితే, నీటిలో కరగని ఆ రాయి కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారుతుంది. రాయి నీళ్లతో పాటు పారిపోతుంది, గుహ మిగులుతుంది.

తర్వాతి భాగం ఇంకా ముచ్చటైనది. ఆ నీటిచుక్క గుహ పైకప్పు నుంచి వేలాడుతుంది. గుహలోని గాలిలో కార్బన్ డై ఆక్సైడ్ మట్టిలో ఉన్నంత ఉండదు. కాబట్టి చుక్కలోంచి ఆ గ్యాస్ బయటికి పోతుంది, చర్య వెనక్కి తిరుగుతుంది, కరిగిన రాయి మళ్లీ రాయిగా పేరుకుంటుంది. నీళ్లు ఎండిపోయి సున్నం మిగిలిందనుకుంటారు చాలామంది. గుహలో గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, ఎండేది తక్కువ, అసలు కారణం గ్యాస్ పోవడమే. పైనుంచి వేలాడే ఊడలు, చుక్క పడిన చోట నేల నుంచి లేచే దిమ్మలు అలా ఏర్పడతాయి. చాలా గుహల్లో ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. గుప్తేశ్వరంలో స్వామి లింగం పెరుగుతూ ఉంటుందని భక్తుల నమ్మకం. సున్నపురాయి గుహలో నీరు బొట్టుబొట్టుగా పడే చోట రాయి పెరగడమన్నది కెమిస్ట్రీ కూడా ఒప్పుకునే మాటే.

దీన్నంతా ఒక గాజు గ్లాసులో చూడొచ్చు. తాంబూలం సున్నం కొద్దిగా తీసుకుని నీళ్లలో బాగా కలిపి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే పైన సున్నపు తేట వస్తుంది. దాన్ని మెల్లగా వంచుకుని అందులోకి స్ట్రాతో ఊదితే పాలలా తెల్లబడుతుంది. మన ఊపిరిలోని కార్బన్ డై ఆక్సైడ్ సున్నంతో కలిసి సున్నపురాయి పొడి అయింది. ఇంకా ఊదితే మళ్లీ తేటగా అవుతుందని పుస్తకంలో ఉంటుంది. పిల్లలు బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదుతారు, తేట అవదు, పుస్తకం అబద్ధమనుకుంటారు. మనం వదిలే ఊపిరిలో కార్బన్ డై ఆక్సైడ్ నాలుగు శాతమే. చిక్కటి సున్నపు తేటలో పుట్టిన పొడినంతా కరిగించడానికి అది చాలదు. అందుకని ఒక వంతు తేటకు పది వంతులు వాన నీళ్లో ఆర్వో నీళ్లో కలిపి పలచన చేసి ఊదండి. లేదా ఒక సీసాలో వంటసోడా, వెనిగర్ కలిపి, వచ్చే గ్యాస్‌ను సన్నటి పైపుతో తేటలోకి పంపండి. తెల్లబడింది మెల్లగా విరిగి తేటపడుతుంది. ఇప్పుడు ఆ నీటిని వేడి చేయండి, మళ్లీ తెల్లబడుతుంది. గుహ తొలిచిన చర్య, ఊడ పెరిగిన చర్య రెండూ మీ చేతిలోని గ్లాసులో అయ్యాయి. ఒక్క జాగ్రత్త: ఊదాలే గానీ పీల్చకూడదు, సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

గోడకు వేసిన సున్నం ఆరి గట్టిపడటమూ ఇదే చర్య. తడి ఆరడం మొదటి రోజు పని. తర్వాత రోజుల తరబడి గాలిలోని ఆ 0.04 శాతాన్ని పీల్చుకుంటూ సున్నం తిరిగి సున్నపురాయి అవుతుంది.

బైకార్బొనేట్ ఉన్న నీటిని తాత్కాలిక కాఠిన్యం ఉన్న నీరంటారు. హీటర్ రాడ్ మీద, టీ గిన్నె అడుగున పట్టే తెల్లటి పెంకు దాని పనే. కాస్త వెనిగరో నిమ్మరసమో పోస్తే బుడగలతో ఊడివస్తుంది. కాల్షియం, మెగ్నీషియం సల్ఫేట్లు, క్లోరైడ్లు ఉంటే అది శాశ్వత కాఠిన్యం, మరిగించినా పోదు, చాకలిసోడా వేయాలి. ఈ రెండు రకాల నీళ్లలోనూ సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టు కడుతుంది. తాగే నీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చని మన దేశ ప్రమాణం చెబుతోంది. కఠిన జలం విషం కాదు. సబ్బు ఖర్చు ఎక్కువ, పాత్రలు పాడవుతాయి, అంతవరకే.

కార్బన్ డై ఆక్సైడ్‌కు ఒక ప్రమాదకరమైన తోబుట్టువు ఉంది, కార్బన్ మోనాక్సైడ్. చలికాలంలో ఇక్కడ కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకునే ఇళ్లున్నాయి. గదిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ బొగ్గు సగం సగం మండి ఈ గ్యాస్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నీటిలో దాదాపు కరగదు కాబట్టి పక్కన నీళ్లగిన్నె పెట్టుకున్నా లాభం లేదు. పడుకునే ముందు కుంపటి బయట పెట్టాల్సిందే. పిల్లలు ఈ మాట ఇంట్లో తప్పకుండా చెప్పాలి.

చివరగా బోరింగు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు కొట్టగానే అద్దంలా ఉంటాయి. బిందెలో గంటా రెండు గంటలు ఉంచితే పచ్చబడి, పైన తళతళలాడే పొర కట్టి, అడుగున ఇటుక రంగు మడ్డి దిగుతుంది. అన్నం వండితే పసుపు రంగు, టీ పెడితే నల్లబడుతుంది. దయ్యం పట్టిన నీళ్లేం కావు, అందులో ఉన్నది ఇనుము. భూమి లోపల ఆక్సిజన్ అందని చోట ఇనుము ఫెర్రస్ రూపంలో నీటిలో హాయిగా కరిగి ఉంటుంది. పైకి రాగానే గాలిలోని ఆక్సిజన్ కరిగి దాన్ని ఫెర్రిక్ రూపానికి మారుస్తుంది. అది నీటిలో కరగదు, తుప్పు రంగు మడ్డిగా విడిపోతుంది. ఇనుప రేకు తుప్పు పట్టడానికి గాలి, నీరు రెండూ కావాలని చదువుకున్నది దీని గురించే, కాకపోతే ఇక్కడ తుప్పు నీటిలోనే పుడుతోంది. ఏడు మిల్లీగ్రాముల ఇనుము మారడానికి ఒక్క మిల్లీగ్రాము ఆక్సిజన్ చాలు. గాలి తగిలిన నీటిలో లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాములు ఎలాగూ ఉంటుంది. కాబట్టి మందులేమీ అక్కర్లేదు. నీళ్లను ఎత్తు నుంచి ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి పలుమార్లు తిరగబోసి, కొన్ని గంటలు కదలకుండా ఉంచి, కడిగిన ఇసుక, బొగ్గు పొరల మీదుగా వడకడితే చాలావరకు ఇనుము పోతుంది. ఇనుము తీసే ప్లాంట్లలోనూ మొదట చేసేది నీటికి గాలి తగిలించడమే.

అయితే అలా తేటపడిన నీళ్లలో ఇనుము తగ్గిందంతే, రోగాలు తెచ్చే క్రిములు చచ్చాయని కాదు. వాటికి మరిగించడం మంచి దారి. కొండ మీద 97 డిగ్రీలకే మరిగితే క్రిములు చస్తాయా అని ఒక పాప అడిగింది, మంచి ప్రశ్న. చస్తాయి. బాగా తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. మూడు నిమిషాలు మరిగించాల్సిన అవసరం సుమారు 2000 మీటర్లు దాటిన ఎత్తుల్లోనే వస్తుంది. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరం ఎత్తు 1672 మీటర్లు.